మూడో పచ్చదీపం

పెద్ద మేస్త్రీ నిచ్చెన మీదనుంచి జారిపడి చనిపోయాడని పోలీసులు కాగితం మీద రాసుకున్నారు. నాలుగే మెట్ల నిచ్చెన అది. ఇరవై రెండేళ్లుగా రోజుకు పదిసార్లు ఎక్కి దిగిన నిచ్చెన.

నాలుగు మెట్ల మీదనుంచి పడితే మెడ ఎలా విరుగుతుందని స్పానర్ అడగబోయాడు. కానీ అతని నోటినిండా దూది ఉంది. దూది పక్కన పళ్ల డాక్టరు వేలు కూడా ఉంది.

ఆయన నిజం పళ్ల డాక్టరు కాదు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ పెద్దాయన అని పిలిచే చీఫ్. బ్రీఫింగులన్నీ ఈ మూడో అంతస్తు క్లినిక్‌లోనే పెట్టడం ఆయన అలవాటు. డ్రిల్లింగ్ మిషన్ మోతలో ఏ మైక్రోఫోనుకూ మాటలు దొరకవని ఆయన పైకి చెప్పే కారణం. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాడు ఎదురు ప్రశ్న వెయ్యలేడన్నది చెప్పని కారణం.

స్పానర్ అన్నది ఏజెంట్ కోడ్ నేమ్. గూఢచారి కాకముందు అతను పదకొండేళ్లు విమానాల మెకానిక్. పందొమ్మిదేళ్ల వయసులో అతని చేతికి మొదటి స్పానర్ అందించింది, తప్పుగా పట్టుకున్నందుకు అదే స్పానర్‌తో వేళ్ల మీద ఒకటిచ్చింది ఆ పెద్ద మేస్త్రీయే. స్పానర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన అది పంటి నొప్పి అనుకుని మిషన్ కాస్త వెనక్కి తీశాడు.

"విను," అన్నాడు మాస్కు వెనకనుంచి. "మొన్న నీకు చెప్పిన విమానమే, రేపు మధ్యాహ్నం రెండున్నర ఫ్లైట్. పది సీట్ల విమానం. ఒక్కడే పైలట్. పక్క సీట్లో కంపెనీ మెకానిక్ కూర్చుంటాడు. ఇన్నాళ్లూ పెద్ద మేస్త్రీ కూర్చునేవాడు. రేపు నువ్వు."

మిగతాది పెద్దాయన తనకలవాటైన ముక్కలు ముక్కల మాటల్లో చెప్పుకుపోయాడు. విదేశీ ముఠా ఒకటి తొమ్మిదేళ్లుగా మన ఆఫీసుల్లో మనుషులను పెట్టుకుంది. పదిహేడు మంది. వాళ్ల పేర్లు ఏ కాగితం మీదా లేవు. ఆ ముఠాకు కోడ్‌లు రాసిపెట్టే గుమస్తా ఒకడి బుర్రలో మాత్రమే ఉన్నాయి. ఆ గుమస్తా మూడు రోజుల క్రితం ముసలితల్లిని వెంటబెట్టుకుని ముఠానుంచి పారిపోయి వచ్చాడు. ముఠాలో మూడేళ్లుగా మన తరఫున పనిచేస్తున్న సీతాకోక అనే ఏజెంట్ వాళ్లిద్దరినీ సముద్రతీరపు ఊళ్లో ఒక అద్దె గదిలో దాచింది. రోడ్ల మీద ముఠా కాపలా. మిలిటరీ విమానం అడుగుదామంటే ఆ పదిహేడు మందిలో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో తెలియదు. అందుకని అందరూ ఎక్కే విమానం, అందరూ కొనే టికెట్.

"అతన్ని చంపరు," అన్నాడు పెద్దాయన. "ఎవరికి ఏం చెప్పాడో కక్కించాలిగా. ప్రాణాలతో కావాలి. కాబట్టి బాంబు పెట్టరు, విమానాన్ని కూల్చరు. ఇంకేదో చేస్తారు. ఆ ఇంకేదో కనిపెట్టడమే నీ డ్యూటీ."

తర్వాత ఒక స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టాడు. పిడిలో రేడియో ఉంది. అడుగున బొత్తాం నొక్కి మాట్లాడితే యాభై మైళ్లలోపు పెద్దాయనకు వినబడుతుంది. స్క్రూలు కూడా తిప్పుతుందని కాస్త గర్వంగా చెప్పాడు.

"ఏ విమానమో తెలిసింది ముగ్గురికి. నేను, నువ్వు, సీతాకోక. పెద్ద మేస్త్రీని చంపారంటే ముగ్గురిలో ఎవరో చెప్పారన్నమాట. నేను చెప్పలేదు. ఉమ్మెయ్."

స్పానర్ ఉమ్మాడు. రెండేళ్ల క్రితం ఇలాగే ఒక మనిషిని పడవలో నది దాటించి తీసుకొచ్చే పని అతనికి అప్పగించారు. ఒడ్డుకు చేరాక దుప్పటి తీసి చూస్తే ఆ మనిషి ఊపిరి ఎప్పుడో ఆగిపోయి ఉంది. ఆ దుప్పటి సంగతి పెద్దాయన ఏనాడూ ఎత్తలేదు. స్పానర్ మరచిపోనూ లేదు. ఈసారి మనిషిని మనిషిగానే దించాలి, అంతకంటే తనకింకేమీ అక్కర్లేదనుకున్నాడు.

మర్నాడు పదిన్నరకే అతను కంపెనీ నీలం ఓవరాల్ వేసుకుని తీరపు ఊరి ఎయిర్‌స్ట్రిప్‌లో దిగాడు. రేకుల షెడ్డు, దాని ముందు సిమెంటు చదును, చదును మీద తెల్లటి చిన్న విమానం. షెడ్డులో ఒక పొట్టి మెకానిక్ ఎదురొచ్చాడు. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

"ఉస్తాద్ పోయాక ఇక్కడ నిలబడలేకపోతున్నానన్నా. నేనే ఆయన ఆఖరి శిష్యుణ్ణి," అన్నాడు.

తనూ ఆ ఉస్తాద్ శిష్యుణ్ణేనని స్పానర్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. పొట్టివాడు టీ తెచ్చిచ్చాడు, పొద్దున్నే తాను చెక్ చేసి సంతకం పెట్టిన లాగ్‌బుక్ చూపించాడు, అడగకపోయినా కొట్టంలోంచి టార్చి తెచ్చి పట్టుకున్నాడు. ఒళ్లు దాచుకోని మనిషి.

స్పానర్ గంటన్నర సేపు విమానాన్ని తడిమాడు. ఇంధనం చుక్క గాజుసీసాలో పట్టి చూశాడు. కేబుళ్లు లాగి చూశాడు. చక్రాల గూళ్లలో తలపెట్టి తెగిన గొట్టం కోసం, అదనపు తీగ కోసం, ఉండకూడని డబ్బా కోసం వెతికాడు. ఏమీ లేదు. చెడగొట్టినదాని కోసం వెతికాడతను. ఆ రోజు విమానంలో ఎవరో శ్రద్ధగా చేసిన పని ఒకటుందని, దాని కోసం వెతకాలని అతనికి తట్టలేదు.

రెండింటికి ప్రయాణికులు వచ్చారు. మొత్తం ఏడుగురు. చిన్న విమానం కాబట్టి మనుషులను కూడా పెట్టెలతోపాటు కాటా మీద నిలబెట్టి బరువు చూసి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలుస్తారు. ఆ పని కెప్టెన్ స్వయంగా చేస్తున్నాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి, వచ్చే నెల రిటైర్మెంట్. షెడ్డులో అందరూ ఆయన్ని చాటుగా రూల్‌బుక్ అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క రూలు తప్పలేదని ఆయనకు పేరు. ఒక లావుపాటి బట్టల వ్యాపారి, ఒక కొత్త జంట, ఒక స్కూలు టీచరమ్మ వరసగా కాటా ఎక్కి దిగారు. ఐదో మనిషి ఒక ముసలావిడ. నలుగురిలో ఆడదాని బరువు పైకి చదివితే మర్యాదగా ఉండదని కెప్టెన్‌ను ముందే హెచ్చరించి మరీ ఎక్కింది. ఆవిడ వెనక బక్కపలచని కొడుకు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అతనే గుమస్తా.

ఆఖరున, అతని భార్య వేషంలో, సీతాకోక. నల్ల కళ్లద్దాలు, గంధం రంగు చీర, షెడ్డులో ఉన్న మగాళ్లందరూ ఒక్క క్షణం చేస్తున్న పని మరచిపోయేంత అందం. స్పానర్ దగ్గర ఆగింది.

"ఈ విమానం కిటికీలు తెరుచుకుంటాయా?" అని అడిగింది. అది కోడ్.

"తెరవొచ్చు. మబ్బులు లోపలికొస్తాయి," అన్నాడు స్పానర్. అది జవాబు.

ఆమె నవ్వింది. ఐదేళ్ల కిందట ఒక పనిలో ఇద్దరూ కలిసి ఉన్నారు. అప్పుడు ఆమె చెప్పింది, తుపాకులంటే భయం లేదుగానీ విమానమంటే కాళ్లు చల్లబడతాయని. స్పానర్‌కు ఆమె అంటే ఆనాటినుంచీ ఇష్టమే. ఆ నోరు జారింది ఆమె కాకూడదని అతను మనసులో కోరుకున్నాడు.

విమానం టైముకు లేచింది. సముద్రం మీద మబ్బులు పట్టి ఉన్నాయి. మబ్బులోకి వెళ్లగానే విమానం కుదుపులు మొదలుపెట్టింది. కాక్‌పిట్‌కూ సీట్లకూ మధ్య ఉన్నది ఒక తెర మాత్రమే, అదీ పక్కకు కట్టేసి ఉంది. కెప్టెన్ నెత్తిమీద చిన్న అద్దంలో సీట్లన్నీ కనబడుతున్నాయి. స్పానర్ అందులోకి చూశాడు. సీతాకోక రెండు చేతులతో సీటును గట్టిగా పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి, పెదవుల్లో రక్తం లేదు. పక్కన ముసలావిడ మాత్రం హాయిగా కునుకు తీస్తోంది.

నలభై నిమిషాలకు మబ్బు కింద నగరం కనిపించింది. అక్కడి ఎయిర్‌పోర్టు పాతది, రన్‌వే పొట్టిది, దాని చివర సముద్రాన్ని ఆపే రాతిగోడ. కెప్టెన్ చక్రాలు దించే లీవర్ కిందికి నొక్కాడు. కింద గరగరమని శబ్దం. ఎడమ చక్రానికి పచ్చదీపం వెలిగింది. కుడి చక్రానికి వెలిగింది. ముక్కు చక్రానిది వెలగలేదు. దాని పక్కన ఎర్రదీపం ఆరలేదు. ఇంజన్ల వేగం తగ్గించేసరికి, చక్రాలు సరిగా లేవని హెచ్చరించే హారన్ కీచుమని అరవసాగింది.

కెప్టెన్ ముఖంలో ఏ మార్పూ లేదు. విమానాన్ని మళ్లీ పైకి లేపి, మోకాలి మీద పుస్తకం తెరిచి, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదువుతూ అలాగే చేశాడు. చక్రాలు పైకి, మళ్లీ కిందికి. దీపం లేదు. పచ్చ బల్బు పీకి పక్కదాంట్లో పెట్టించాడు. అక్కడ వెలిగింది, బల్బు మంచిదే. స్పానర్ చేత చేతిపంపు కొట్టించాడు. ముప్ఫై సార్లు కొట్టేసరికి పిడి బిగిసిపోయింది, ఒత్తిడి నిండుగా ఉంది. అయినా దీపం లేదు. రెక్క మీది ఇంజన్ డొప్పకు బిగించిన చిన్న అద్దంలో చూస్తే ముక్కు చక్రం కిందికి దిగే ఉంది. కానీ దిగడం వేరు, లాక్ పడటం వేరు. లాక్ పడని చక్రం నేల తగలగానే మడుచుకుపోతుంది. కంట్రోల్ టవర్ ముందునుంచి తక్కువ ఎత్తులో ఒకసారి ఎగిరి చూపించారు. చక్రం కనబడుతోంది, లాక్ సంగతి చెప్పలేం అన్నారు వాళ్లు.

కెప్టెన్ మైకు తీసుకుని ప్రయాణికులకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ముక్కు చక్రం అనుమానంగా ఉంది, ఉత్తరాన ఇరవై నిమిషాల దూరంలో పాత మిలిటరీ ఫీల్డ్ ఉంది, రన్‌వే చాలా పొడుగు, ఫైరింజన్ ఉంటుంది, అక్కడ దిగుతాం, కంగారు పడొద్దు. కొత్త పెళ్లికూతురు ఏడుపు అందుకుంది. బట్టల వ్యాపారి తన పెట్టె సంగతి అడిగాడు. కొడుకు లేపి చెవిలో చెబితే ముసలావిడ అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు.

"బుక్‌లో అలాగే ఉంది," అన్నాడు కెప్టెన్ స్పానర్‌తో, విమానాన్ని ఉత్తరానికి తిప్పుతూ. "చక్రం అనుమానమైతే పొడుగు రన్‌వే. కంపెనీలో ఎవర్ని లేపి అడిగినా ఇదే చెబుతారు."

స్పానర్ ఆ మాట పట్టుకున్నాడు. ఎవర్ని అడిగినా చెబుతారంటే ముఠాకూ తెలిసే ఉంటుంది. విమానాన్ని కూల్చరు, బాంబు పెట్టరు, ఇంకేదో చేస్తారు. ఈ కెప్టెన్ రూలు తప్పడని వాళ్లకు ఎవరో చెప్పారు. అంతే చాలు. చక్రాన్ని చెడగొట్టక్కర్లేదు, చెడిందనిపిస్తే సరి. విమానం తనంతట తానే, పద్ధతి ప్రకారం, వాళ్ల ఒళ్లోకి వెళ్లి దిగుతుంది.

అతను సీటు దిగి నేల మీద బోర్లా పడుకుని, టార్చి నోట్లో పెట్టుకుని, ముక్కు వైపు తీగలు వెళ్లే చోటు వెతికాడు. కెప్టెన్ పాదాల పక్కన అరచేయంత రేకు, నాలుగు స్క్రూలు. స్క్రూ స్క్రూ మీదా ఎర్రటి గీత ఉంది.

మెకానిక్‌లు ఏ మరనైనా బిగించాక దాని తలమీదనుంచి పక్క రేకు మీదకు ఎర్ర లక్క రంగుతో సన్నటి గీత గీస్తారు. మర వదులైతే గీత రెండుగా తెగి కనబడుతుంది. అందరూ గీసేది తిన్నని గీతే. పెద్ద మేస్త్రీ మాత్రం చివర చిన్న కొక్కెం తిప్పేవాడు. తన శిష్యుల చేత అలాగే తిప్పించేవాడు, మరచిపోతే వేళ్ల మీద ఒకటిచ్చేవాడు. ఈ నాలుగు గీతలకూ కొక్కేలున్నాయి. స్పానర్ వేలితో తాకాడు. వేలికి రంగు అంటింది. పెద్ద మేస్త్రీ చనిపోయి రెండు రోజులైంది. ఈ గీతలకు ఒక్క రోజు కూడా కాలేదు. లాగ్‌బుక్ ప్రకారం ఈ రేకు విప్పి ఎనిమిది నెలలు.

దొంగతనానికి వచ్చినవాడు పోతూ పోతూ ఇల్లు ఊడ్చి వెళ్లినట్టుంది. ఏడ్చి వాచిన ఆ కళ్లు, ఆ టీ, అడగకుండా పట్టిన ఆ టార్చి స్పానర్‌కు గుర్తొచ్చాయి.

స్క్రూలు విప్పాడు. తీగల కట్టలో ఒక తీగ నున్నగా తెగి ఉంది. ముక్కు చక్రం లాక్ పడిందో లేదో దీపానికి చెప్పే తీగ అదే. దాని రెండో కొసను గోడ అవతలికి లాగేశారు. చేతికి అందదు. స్క్రూడ్రైవర్ పిడి నొక్కి పెద్దాయనకు రెండే ముక్కలు చెప్పాడు. "మిలిటరీ ఫీల్డ్. పొట్టి మెకానిక్." తర్వాత లేచి కెప్టెన్‌కు తానెవరో, వెనక కూర్చున్నది ఎవరో, కింద చూసిందేమిటో చెప్పాడు. నగరానికి తిరిగి వెళ్లి దిగుదామన్నాడు.

ముఠా తన క్రమశిక్షణను నమ్ముకుని పథకం వేసిందన్న మాట కెప్టెన్‌ను గట్టిగానే తాకింది.

"తీగ తెంపినవాడు లాక్ ఎందుకు వదిలేస్తాడు?" అన్నాడు. "వదిలేశాడని నీకెలా తెలుసు?"

"వాళ్లకు మనిషి ప్రాణాలతో కావాలి కెప్టెన్ గారూ. లాక్ జోలికి వెళ్లరు."

"అది మనుషుల గురించి నీ లెక్క బాబూ. చక్రం గురించి కాదు. అక్కడ పొట్టి రన్‌వే. చక్రం మడుచుకుంటే ముక్కు ఈడ్చుకుంటూ గోడకి కొట్టుకుంటాం. వెనక ఏడుగురున్నారు. ఇంధనం ఒక్క ప్రయత్నానికే సరిపోతుంది."

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఫీల్డ్‌కు వెళితే ఆరుగురు బతుకుతారు, ఒకడు వాళ్ల చేతికి పోతాడు. నగరానికి వెళితే అందరూ బతుకుతారు, లేదా ఎవరూ బతకరు. పడవలో దుప్పటి మళ్లీ కళ్లముందుకొచ్చింది. స్పానర్ నెత్తిమీది అద్దంలోకి చూశాడు.

అద్దంలో ఆరుగురు భయపడుతున్నారు. ఒక్కరు భయపడటం లేదు. మబ్బులో చిన్న కుదుపుకే సీటును పీకేలా పట్టుకున్న సీతాకోక ఇప్పుడు కాలు మీద కాలు వేసుకుని చిన్న డబ్బీ అద్దంలో పెదవులకు రంగు దిద్దుకుంటోంది. చేతులు వణకడం లేదు. బెల్టు విప్పి పక్కన పడేసి ఉంది.

"కెప్టెన్ గారూ, అద్దం చూడండి," అన్నాడు స్పానర్ మెల్లగా. "ఆవిడకి విమానమంటే ప్రాణభయం."

కెప్టెన్ చూశాడు. తీగలూ రంగుగీతలూ ఆయన్ని కదిలించలేదుగానీ, ప్రయాణికుల ముఖాలు ముప్ఫై ఒక్క ఏళ్లుగా చదువుతున్న మనిషి. చక్రం బాగానే ఉందని తెలిసిన ముఖం ఎలా ఉంటుందో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మోకాలి మీది పుస్తకం మూసి కింద పెట్టాడు. విమానం ఎడమకు వాలి వెనక్కి తిరిగింది.

కిటికీలో ఎండ ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మారగానే సీతాకోక లేచింది. మూడడుగుల్లో కాక్‌పిట్ దగ్గరికొచ్చింది. చేతిలో ఉన్నది ఇందాకటి పెదవి రంగు కాదు, దానంత చిన్న పిస్తోలు.

"ఉత్తరానికి పోనివ్వండి కెప్టెన్. మీకెవరికీ ఏమీ కాదు. నాకు అతనొక్కడే కావాలి."

ఎవరూ అడగకపోయినా ఆమెకే చెప్పాలనిపించినట్టుంది. రెండు వైపులా పనిచేసి చేసి తాను ఏ వైపుదో తనకే తెలియడం మానేసిందనీ, ఆ రెంటిలో మనవాళ్లకంటే వాళ్లే తనను ఎక్కువ మెచ్చుకున్నారనీ అంది.

కెప్టెన్ ఆమెకు జవాబు చెప్పకుండా స్టీరింగ్‌ను ముందుకు నెట్టాడు. విమానం ముక్కు కిందికి పడింది. సీతాకోక కాళ్లు నేలనుంచి లేచాయి, వెనక్కి విసురుగా వెళ్లి సరిగ్గా ముసలావిడ ఒళ్లో పడింది. మూడు రోజులుగా ఒకే గదిలో కోడలి వేషం వేసిన మనిషి ఆమె. విమానం దిగబోతుంటే అటూ ఇటూ తిరుగుతావా అని ముసలావిడ ఆమె నడుము చుట్టూ రెండు చేతులూ వేసి బిగించింది. ఆవిడకు పిస్తోలు కనిపించిందో లేదో ఇప్పటికీ తెలియదు. స్పానర్ వెళ్లి చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు, మణికట్లు తీగతో కట్టాడు, పక్క సీట్లో కుదేశాడు.

"నీకు అంత నమ్మకమా?" అందామె. నల్ల కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. "తీగ ఒక్కటే తెంపుతామని వాళ్లు నాకు చెప్పారు. నాకు చెప్పినంతే నాకు తెలుసు. అబద్ధం చెప్పి ఉంటే?"

స్పానర్ తన సీటుకు తిరిగి వెళ్లాడు. కాక్‌పిట్‌లో కూర్చుని అద్దంలోకి చూసేసరికి, ఆమె కట్టేసిన చేతులతోనే తడుముకుంటూ బెల్టు పెట్టుకుంటోంది. ముఖంలో రక్తం లేదు. అంతవరకూ చక్రం బాగుందనడానికి వాళ్ల దగ్గరున్న సాక్ష్యం ఆ ధైర్యమొక్కటే. ఇప్పుడు అదీ పోయింది.

"ఇంధనం చూశారా?" అన్నాడు స్పానర్.

"చూడటం మానేశాను," అన్నాడు కెప్టెన్.

నగరం ఎదురొచ్చింది. ఇంజన్ల వేగం తగ్గగానే హారన్ మళ్లీ అందుకుంది, ఆగకుండా, ఒకే గొంతుతో. రెండు పచ్చదీపాలు, ఒక ఎర్రదీపం. తలలు మోకాళ్ల మీద పెట్టుకోమని స్పానర్ వెనక్కి తిరిగి చెప్పాడు. గుమస్తా తల్లి తలమీద తన అరచెయ్యి అడ్డంపెట్టి వంగాడు. వెనక చక్రాలు రన్‌వే మొదట్లోనే తగిలాయి. కెప్టెన్ ముక్కును గాల్లోనే ఎత్తి పట్టాడు. వేగం తగ్గుతోంది, రాతిగోడ పెరుగుతోంది, ముక్కు ఇంకా గాల్లోనే ఉంది. ఆయన ముంజేతుల నరాలు ఉబ్బాయి. ఇంక గాలి మొయ్యలేనప్పుడు ముక్కు దానంతటదే వాలింది.

ధడ్ మని తగిలింది. విమానం ఒక్కసారి వణికింది. స్పానర్ పళ్లు బిగించాడు, కిందినుంచి రేకు చీలే శబ్దం కోసం ఎదురుచూశాడు. రాలేదు. చక్రం నిలబడింది. బ్రేకులు కీచుమన్నాయి, టైర్లు కాలిన వాసన వచ్చింది, గోడ మీద నాచు కనబడేంత దగ్గరకెళ్లి విమానం ఆగింది. కెప్టెన్ స్విచ్చులు ఆపాడు. హారన్ నోరు మూసుకుంది.

ముసలావిడ తన కాళ్లమీద తను, కొడుకు చెయ్యి పట్టుకుని, మెట్లు దిగింది. స్పానర్ ఆ కొడుకు భుజాన్ని ఊరికే ఒకసారి తాకి చూశాడు. వెచ్చగా ఉంది.

పెద్దాయన మనుషులు గంటలోపే కబురు తెచ్చారు. మిలిటరీ ఫీల్డ్‌లో ఫైరింజన్ ఉంది, దాని పక్కన ఫైర్‌మెన్ దుస్తుల్లో నలుగురున్నారు, ఒక అంబులెన్స్ కూడా ఉంది. అంబులెన్స్‌లో మందులు లేవు, తాళ్లూ మత్తు ఇంజెక్షనూ ఉన్నాయి. అందరూ దొరికారు. గుమస్తా టీ తాగుతూ పదిహేడు పేర్లూ వరసగా చెప్పేశాడు.

అందరూ వెళ్లిపోయాక స్పానర్ ఒక్కడే విమానం ముక్కు కింద పడుకుని లాక్ చూశాడు. చక్రం గూటిలో పైన, గ్రీజు వెనక, లాక్‌ను పట్టి ఉంచే ఒక నట్టు. దాని మీద గీత ఉంది. ఎర్రది, తాజాది, చివర కొక్కెం. ఆ గీత కింద పాత గీత ఒకటి వెలిసిపోయి ఉంది, తెగి, రెండు ముక్కలు ఎడంగా జరిగి. అంటే నట్టు నిజంగానే రెండు చుట్లు వదులైంది. పెద్ద మేస్త్రీ బతికుంటే రోజువారీ చెక్‌లో పట్టుకునేవాడు. రెండు రోజులుగా ఆయన లేడు. ఆ నట్టు అలాగే ఉండి ఉంటే ఆ ధడ్ మన్న దెబ్బకు లాక్ విడిపోయేది. మనుషుల గురించి తను వేసిన లెక్క సరే, చక్రం గురించి కెప్టెన్ భయం కూడా నిజమే.

మర్నాడు ఒక చిన్న గదిలో పొట్టి మెకానిక్ ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఉండగా ఆ తీగ తెంపడం సాగదని ఉస్తాద్‌ను నిచ్చెన మీదనుంచి తోసింది తనేనని అప్పటికే ఒప్పుకున్నాడు. తెంపిన తీగ కొస అవతలికి లాగడానికి చక్రం గూట్లో తల పెట్టానని, పని కానిచ్చి బయటికొచ్చానని చెప్పాడు. స్పానర్ అడిగింది ఒక్కటే. ఆ నట్టు ఎందుకు బిగించావని.

"వదులుగా ఉందన్నా," అన్నాడు పొట్టివాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "చూసి ఎలా వదిలేస్తాను?"

వాడి పీక నొక్కాలనిపించింది స్పానర్‌కు. వాడి వేళ్లు చూస్తే అవి తన గురువు దిద్దిన వేళ్లు. రెండూ ఒకేసారి అనిపించడం అతనికి అదే మొదటిసారి. తలుపేసి బయటికొచ్చేశాడు.

సాయంత్రం కెప్టెన్ లాగ్‌బుక్ నింపుతూ కూర్చున్నాడు. ముక్కు చక్రం లాక్ బిగించినవారు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఎవరి పేరు రాయమంటావని అడిగాడు. పెద్ద మేస్త్రీ పేరు రాయమన్నాడు స్పానర్. ఆ మనిషి అప్పటికి చనిపోయి రెండు రోజులని, అలా రాయడం రూలు కాదని కెప్టెన్‌కు తెలుసు. రాసేశాడు. చచ్చిపోయినవాళ్లు రిపేర్లు చెయ్యడం కుదరదంటూ ఆఫీసు వాళ్లు ఆ పేజీని తిప్పి పంపారు. బతికున్నవాళ్లు చేసిన రిపేరు చూశాకే అలా రాశానని కెప్టెన్ కింద ఒక వాక్యం చేర్చి, అదే పేజీని మళ్లీ పంపించాడు.